ఎర్రవల్లి.. బీచుపల్లి.. పెబ్బేరు..

మా నాయిన ఆర్టీసీ కండక్టర్. గద్వాల డిపో, 28 ఏళ్ల సర్వీసు. ఆ రోజు పొద్దున మొదటి ట్రిప్పు నాగర్‌కర్నూల్‌కు. వనపర్తి బస్టాండులో టికెట్ మిషన్ చేతిలోంచి జారి కింద పడిందట. తీసి పట్టుకున్నాడు, మళ్లీ జారింది. ఇక ఎడమ చేత్తోనే టికెట్లు కొట్టుకుంటూ పోయాడు. డ్రైవర్ అన్న ‘ఏమైందే?’ అని అడిగితే ‘తిమ్మిరి’ అన్నట్టు చెయ్యి ఊపాడట. నాగర్‌కర్నూల్‌లో అందరూ దిగాక చూస్తే మూతి ఒక పక్కకు పోయి ఉంది. పేరు పెట్టి పిలిస్తే చూస్తున్నాడు కానీ మాట రావట్లేదు.

మా అక్కను ఇచ్చింది నాగర్‌కర్నూల్లోనే. బావ పరుగెత్తుకొచ్చాడు. అక్కడి నుంచి హైదరాబాద్ చేరి స్కాన్ అయ్యేసరికి, చేతిలో మిషన్ జారి ఐదున్నర గంటలు దాటింది. రక్తం గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఆ లెక్క నాకు ఆ రోజే తెలిసింది. మీకు ఈ రోజే తెలిస్తే మంచిది. మూతి వంకర, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ‘పడుకుంటే పోతది’ అనుకోకుండా 108కి ఫోన్ కొట్టండి.

మెదడు ఎడమ వైపు దెబ్బ తగిలింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. పదకొండు రోజులకు ప్రాణానికి భయం లేదన్నారు. డిశ్చార్జ్ కాగితం మీద చివరి లైన్లో ‘రిహాబ్ అవసరం’ అని రాసి ఉంది.

రిహాబ్ అంటే మా ఇంట్లో అందరికీ తెలిసింది మందు మానిపించే సెంటర్ ఒక్కటే. అమ్మ అయితే ‘మీ నాయిన చుక్క ముట్టడు గదరా, గా సెంటర్ల ఎందుకు ఏస్తర్రా?’ అని ఏడ్చింది. చుట్టాల దగ్గర వేరే సలహాలున్నాయి. పచ్చవాతానికి ఫలానా ఊళ్లో ఆకు పసరు పోస్తారని ఒకరు, పావురం నెత్తురు రాసి మాలిష్ చేస్తే నెలకు లేచి కూర్చుంటాడని ఇంకొకరు. వాళ్లది ప్రేమే. కానీ నేను ఇంజినీరింగ్ చదివినోడిని కదా, నా మూఢనమ్మకం నాకు వేరే ఉండింది. మంచి సెంటర్లో చేర్పించి డబ్బు కడితే పది, పదిహేను రోజుల్లో వాళ్లే బాగుచేసి అప్పజెప్తారనుకున్నాను. లాప్‌టాప్ సర్వీస్ సెంటర్లో ఇచ్చినట్టు.

హైదరాబాద్‌లోనే ఒక రిహాబ్ ఆస్పత్రిలో చేర్పించాం. ఐదు వారాలు ఉన్నాం. ‘ఉన్నాం’ అనే రాయాలి, ‘ఉన్నాడు’ అని కాదు. ఎందుకో చెప్తాను.

మొదటి రోజంతా ప్రశ్నలే. ఇంట్లో మెట్లెన్ని, బాత్రూం ఇంట్లోనా బయటా, కమోడా మామూలుదా, మంచం ఎత్తెంత, మంచానికి ఏ పక్క గోడ ఉంది, ఆయన ఏ పని చేస్తాడు, ఏం తింటాడు, ఇంట్లో పగలు ఎవరుంటారు. కూర్చోబెట్టి చూశారు, పక్కకు ఒరిగించి చూశారు, చెంచాతో కొంచెం నీళ్లు పోసి మింగమన్నారు. సాయంత్రం దాకా నేను ట్రీట్‌మెంట్ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆ ప్రశ్నలే ట్రీట్‌మెంట్ మొదలని తర్వాత అర్థమైంది. నాయిన ఇంటికి పోయి ఎట్లా బతకాలో ముందు తెలిస్తేనే ఇక్కడ ఏం నేర్పాలో వాళ్లకు తెలుస్తుంది.

రెండో ఆశ్చర్యం బట్టలు. ఆస్పత్రి గౌను ఇవ్వలేదు. ‘సొంత బట్టలు తెచ్చుకోండి, ముందు గుండీలున్న షర్టులు, నడుముకు ఎలాస్టిక్ ఉన్న ప్యాంట్లు, పట్టీ అతికించుకునే షూ’ అన్నారు. లుంగీ వద్దన్నారు, కాలికి చుట్టుకుంటే పడిపోతారని. నాయిన ఇంట్లో లుంగీ తప్ప ఇంకోటి కట్టింది నేను చూడలేదు. ట్రాక్ ప్యాంటులో చూసి నాకు నవ్వొచ్చింది, ఆయనకు కోపం వచ్చింది. ఈ జబ్బు వచ్చాక ఆయన ముఖంలో కోపం కనిపించడం అదే మొదలు. నాకు లోలోపల సంతోషమైంది.

అక్కడ టీం పెద్దది. పైన రిహాబ్ డాక్టర్. నడక, బలం చూసేది ఫిజియో. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు మళ్లీ నేర్పేది ఆక్యుపేషనల్ థెరపిస్ట్. మాటకు, మింగడానికి స్పీచ్ థెరపిస్ట్. ఇంకా నర్సులు, సైకాలజిస్ట్. ఆక్యుపేషనల్ థెరపీని అందరూ ‘ఓటీ’ అంటారు. మొదటి సాయంత్రం సిస్టర్ వచ్చి ‘రేపు పదింటికి అంకుల్‌కు ఓటీ ఉంది’ అనేసరికి అమ్మ ఆపరేషన్ అనుకొని రాత్రంతా కూర్చునే ఉంది. పొద్దున తీసుకుపోయి బట్టల క్లిప్పులు పెట్టడం, గ్లాసులు ఒకదాని మీద ఒకటి పేర్చడం చేయిస్తుంటే ‘గింతేనా!’ అంది.

చాలామందికి అక్కడే నిరాశ వస్తుంది. పెద్ద పెద్ద మిషన్లు ఉంటాయనుకుంటాం. ఉన్నాయి కూడా. కానీ రోజులో ఎక్కువ భాగం గడిచేది చిన్న చిన్న పనులతోనే. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మళ్లీ లేవడం. మంచం మీద పక్కకు దొర్లడం. ఒక్క గుండీ. ఫిజియోను అడిగాను, ఒకే పని ఇన్నిసార్లు ఎందుకని. చచ్చిపోయిన మెదడు భాగం తిరిగి బతకదు, బతికున్న భాగం ఆ పనిని కొత్తగా నేర్చుకోవాలి, దానికి వందలసార్లు చేయడం తప్ప అడ్డదారి లేదన్నాడు. హైవే మీద లారీ అడ్డం పడితే ఊళ్లో సందుల్లోంచి బండ్లు మళ్లించినట్టు అని నాకు నేను చెప్పుకున్నాను. సందు ఇరుకు, దారి చుట్టు తిరుగుడు. కానీ బండ్లు పోతాయి. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుందని, తర్వాత కూడా ఉంటుంది కానీ నెమ్మదిస్తుందని చెప్పాడు.

రోజుకు మూడు గంటల దాకా థెరపీ. మధ్యమధ్యలో నిద్ర. ఆ అలసట మామూలుది కాదు. 28 ఏళ్లు కుదుపుల రోడ్డు మీద నిలబడి టికెట్లు కొట్టిన మనిషి, పది నిమిషాలు కుర్చీలో నిటారుగా కూర్చుంటే చెమటలు పట్టి, వెనక్కి తెచ్చి పడుకోబెట్టగానే గురక పెట్టేవాడు. చుట్టాలు పండ్లు తీసుకొని సరిగ్గా అప్పుడే వచ్చేవాళ్లు. నిద్ర లేపి ‘నన్ను గుర్తుపట్టినవా?’ అని అడిగేవాళ్లు. దయచేసి ఎవరినీ అట్లా అడగకండి. వాళ్లు గుర్తుపడతారు. చెప్పలేరు, అంతే.

ఇప్పుడు నా తప్పులు.

రెండో రోజు నాయిన మంచంలో కిందికి జారిపోయాడు. నేను కుడి చెయ్యి పట్టుకొని, చంక కింద చెయ్యి వేసి పైకి గుంజాను. తలుపు దగ్గర నుంచి ఫిజియో అరిచిన అరుపు నాకు ఇంకా వినిపిస్తుంది. పక్షవాతం వచ్చిన భుజానికి కండరాల పట్టు ఉండదు. కీలు సందులోంచి జారి ఉంటుంది. చెయ్యి పట్టి గుంజితే ఆ భుజం నెలల తరబడి నొప్పి పెడుతుంది, ఆ నొప్పికి థెరపీ ఆగిపోతుంది. ఎత్తాలంటే నడుం దగ్గర పట్టుకోవాలి, పడ్డ చేతిని ఎప్పుడూ దిండు మీద ఆనించాలి. షర్టు వేసేటప్పుడు పడ్డ చెయ్యి ముందు, తీసేటప్పుడు చివర. రాత్రిపూట రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే వీపుకు, పిర్రలకు పుండ్లు పడతాయి. అలారం పెట్టుకున్నాను. ఆఫీసు రిలీజ్ రోజుల్లో కూడా అన్ని అలారాలు పెట్టలేదు.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది, అందరూ మెచ్చుకునేది. టిఫిన్ తినిపించడం. నాయిన ఎడమ చేత్తో ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోవడానికి నలభై నిమిషాలు పట్టేది. సగం ఒడిలో పడేది. నాకు చూడబుద్ధి కాక నేనే పెట్టేసేవాణ్ని. పక్క బెడ్ వాళ్లు ‘ఎంత మంచి కొడుకు’ అనేవాళ్లు. నాలుగో రోజు ఓటీ మేడమ్ నన్ను బయటకు పిలిచింది. ‘తినడమే ఆయనకు ఇప్పుడు ఎక్సర్‌సైజ్. రోజుకు మూడు పూటల ఎక్సర్‌సైజ్ మీరే చేసేస్తున్నారు. రేపటి నుంచి టిఫిన్ టైంకు మీరు కిందికెళ్లి టీ తాగి రండి’ అంది.

కిందికి పోయాను. టీ తాగలేదు. మెట్ల మీద కూర్చొని ఆఫీసు స్టాండప్ కాల్లో ఉండి, నా వంతు వస్తే ఏం చెప్పానో కూడా గుర్తులేదు. పైకి వచ్చేసరికి ట్రాక్ ప్యాంటు నిండా చట్నీ. ఒక ఇడ్లీ పోయింది లోపలికి. నాయిన నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. చేతులు కట్టుకొని నిలబడి చూడటం అంత కష్టమైన పని నేను ఇంతవరకు చేయలేదు. అమ్మ నాకంటే ఆలస్యంగా నేర్చుకుంది. నిజానికి ఇప్పటికీ పూర్తిగా నేర్చుకోలేదు.

మింగడం గురించి ఒక మాట. పలుచని నీళ్లు ఆయన గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోతున్నాయని తేల్చారు. అట్లా పోతే న్యుమోనియా వస్తుంది. అందుకే నీళ్లలో పొడి కలిపి చిక్కగా చేసి ఇవ్వాలి. ఎంత చిక్కగా అని అమ్మకు ఎట్లా చెప్పాలో తెలియక స్పీచ్ మేడమ్ తిప్పలు పడుతుంటే, అమ్మే గిన్నెలో కలిపి చూపించింది. ‘అంబలి లెక్క. గట్లనే గదా?’ సరిగ్గా అంతే. జొన్నరొట్టె మాత్రం నాలుగో వారం దాకా ఒప్పుకోలేదు. ఒప్పుకున్న రోజు అక్క నాగర్‌కర్నూల్ నుంచి మూటగట్టి తెచ్చింది. పప్పులో నానబెట్టి, చిన్న ముక్క, గడ్డం కిందికి వంచి మింగాలి. ఆయన కళ్లు మూసుకొని నమిలాడు. మేమందరం ఆయన గొంతు వైపు చూస్తూ నిలబడ్డాం.

వార్డు ఒక చిన్న ఊరు. మా ఎదుటి బెడ్ పెద్దమ్మకు మెదడు కుడి వైపు దెబ్బ. మాట బాగానే వచ్చేది. కానీ ఆమెకు ఎడమ వైపు ప్రపంచమే లేదు. ప్లేట్లో కుడి సగమే తిని, ‘కోడలు కూర ఎయ్యలేదు’ అని లొల్లి చేసేది. కూర ఎడమ సగంలో ఉండేది. కళ్లు బాగానే ఉన్నాయట, మెదడు ఆ పక్కను పట్టించుకోదట. ఆ కోడలు ఎన్ని మాటలు పడిందో. ఓటీ మేడమ్ ప్లేటు తిప్పి చూపించిన రోజు ఆ కోడలు వరండాలోకి వచ్చి భోరున ఏడ్చింది. ఇంకో బెడ్‌లో అచ్చంపేట వైపు కుర్రాడు, నా కంటే చిన్నోడు. పుణెలో బిల్డింగ్ పనికి పోయి పరంజా మీద నుంచి పడ్డాడు. వెన్నుపూస. వాడు వీల్‌చైర్‌ను వెనక చక్రాల మీద లేపి గుమ్మాలు దాటడం నేర్చుకుంటూ, మా నాయినకు ‘మామా, రైట్ రైట్!’ అని బస్సు సైగలు చేసేవాడు. పాలమూరు వలసల గురించి చదివి చదివి అలవాటైపోయింది కదా మనకు. పక్క బెడ్‌లో చూస్తే వేరుగా ఉంటుంది.

నాకు పిచ్చి పట్టించింది మాత్రం మాట.

నాయినకు వచ్చినదాన్ని అఫేసియా అంటారు. మనం చెప్పింది చాలావరకు అర్థమవుతుంది, తెలివి ఎక్కడికీ పోలేదు, కానీ మాట దొరకదు. మొదట్లో ఆయన నోటి నుంచి వచ్చింది రెండే. ‘అదే’ అన్న మాట, ఇంకోటి ఇక్కడ రాయలేని బూతు. జీవితంలో ఇంట్లో బూతు మాట్లాడని మనిషి. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. బూతులు, మొక్కులు, ఒకటి రెండు మూడు లాంటివి ఆలోచించి కట్టే మాటల్లా కాకుండా వేరే దారిలో వస్తాయని, అందుకే అవి మిగిలిపోతాయని స్పీచ్ మేడమ్ చెప్పింది.

పరీక్ష బొమ్మల కార్డులతో చేస్తారు. ఒక ట్రైనీ అమ్మాయి తాళం బొమ్మ చూపించింది. నాయిన చాలాసేపు తన్నుకులాడి ‘బీ.. బీగం’ అన్నాడు. ఆ అమ్మాయి కాగితం మీద తప్పు పెట్టింది. నేను కుర్చీలోంచి లేచాను. ‘బీగం అంటే తాళమే మేడమ్. రాయచూరు మాకు దగ్గర. మా గద్వాల దిక్కు బీగమనే అంటం.’ ఆ అమ్మాయి పాపం గాభరా పడి దిద్దింది. పెద్ద మేడమ్ నన్నే పిలిచి కూర్చోబెట్టి ఇంట్లో వాడే మాటల లిస్టు రాసిమ్మంది. ఇంతకుముందు అడగనందుకు తప్పు మాదే అంది. మీరెవరినైనా చేర్పిస్తే ఈ లిస్టు మొదటి రోజే ఇవ్వండి. మీ ఊరి మాటలు, ఇంట్లో వాళ్ల పిలుపు పేర్లు, ఆయన రోజూ అనే మాటలు.

అప్పటికి నేను ఏం చేస్తున్నానో చెప్తే నవ్వుతారు. ఫోన్లో పిల్లల యాప్ పెట్టి ఆపిల్, బాల్, పిల్లి బొమ్మలు చూపిస్తున్నాను. నాయిన ఫోన్‌ను పక్కకు తోసేవాడు. యాభై ఆరేళ్ల మనిషికి పిల్లి బొమ్మ.

మేడమ్ అడిగింది, ఆయన రోజూ నోటితో చేసే పని ఏంటని. టికెట్లు ఇవ్వడం, స్టాపులు అరవడం అన్నాను. ‘అరవండి మరి’ అంది. నాకు సిగ్గేసింది. రూంలో ఇంకా ఇద్దరున్నారు. అయినా అన్నాను, ‘గద్వాల...’

నాయిన నా వైపు చూశాడు.

‘గద్వాల...’ మళ్లీ అన్నాను.

‘ఎర్రవల్లి’ అన్నాడు. ఆగలేదు. ‘బీచుపల్లి, పెబ్బేరు, వనపర్తి.’ పాత గొంతు. బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతు. ‘గోపాల్‌పేట, నాగర్‌కర్నూల్, దిగాలె దిగాలె!’

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఫోన్ తీసి అక్కకు వీడియో కాల్ కలిపాను, నాయినకు మాట వచ్చేసింది అని. మేడమ్ ఒక్క నిమిషం ఆగమంది. నాయిన వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది, ‘మీ ఊరు ఏది?’

ఆయన నోరు తెరిచాడు. వెతికాడు. ‘అదే.. అదే..’ అన్నాడు. గద్వాల అన్న మాట రాలేదు. అక్క స్క్రీన్‌లో చూస్తూనే ఉంది.

ఆమె చెప్పింది నేను నోట్ చేసుకున్నాను. వరసలో వచ్చే మాట వేరు, కావాల్సినప్పుడు తీసుకునే మాట వేరు. స్టాపులు రావడం అంటే మాట బాగైనట్టు కాదు. కానీ పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. అక్కడి నుంచి ఆయనకు నేర్పింది వరసను మధ్యలో ఆపడం. ‘ఎన్ని ఇడ్లీలు?’ అంటే ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టి, మూడు దగ్గర బ్రేకు వేయడం. ఊరి పేరు కావాలంటే స్టాపులన్నీ చదువుకుంటూ పోయి ఆ స్టాపులో దిగడం. గద్వాల మాత్రం అన్నిటికంటే కష్టమైంది. బస్సు అక్కడే మొదలు, దానికి ముందు స్టాపు లేదు. ‘జమ్ములమ్మ గుడి’ని దానికి ముందు పెట్టి అలవాటు చేశాం.

మార్పును కొలవడానికి బార్తెల్ ఇండెక్స్ అని ఒక స్కోరు వాడతారు. 1965లో అమెరికాలో తయారైంది. తినడం, స్నానం, బట్టలు, నడక, మెట్లు, ఇట్లా పది పనులు, మొత్తం 100 మార్కులు. నాయిన చేరినప్పుడు 25. నేను వెంటనే గూగుల్ షీట్ చేసి, గ్రాఫ్ గీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. రెండో వారం 40, మూడో వారం 45, నాలుగో వారం కూడా 45. గీత అడ్డంగా పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. నా పనిలో గ్రాఫ్ అడ్డంగా పోతే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. డాక్టర్‌ను అదే అడిగాను, ఏం తప్పు జరిగిందని. ఏం తప్పూ జరగలేదు, ఇట్లాగే ఆగుతుంది, మళ్లీ కదులుతుంది, కొన్ని విషయాల్లో కదలకపోవచ్చు కూడా అన్నాడు. అప్పుడు ఆ షీట్‌ను ఇంకోసారి చూశాను. పది పనుల్లో మాట లేదు. నాయిన ‘బీగం’ అన్న రోజుకూ, స్టాపులు చదివిన రోజుకూ అందులో ఒక్క మార్కు లేదు. గ్రూపులో గ్రాఫ్ పెట్టడం మానేశాను.

ఆ వారమే ఏడుపు కూడా మొదలైంది. ఎవరొచ్చినా ఏడ్చేవాడు. టీవీలో పెళ్లి సీన్ వచ్చినా, ఒకోసారి నవ్వుతూ నవ్వుతూ కూడా. స్ట్రోక్‌లో ఏడుపు, నవ్వుల మీద మెదడుకు అదుపు తగ్గి అట్లా వస్తుందట, ప్రతి ఏడుపూ దుఃఖం కాదట. కానీ దానితో పాటు అసలు దిగులు కూడా ఉండొచ్చని, స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడింట ఒకరికి డిప్రెషన్ వస్తుందని సైకాలజిస్ట్ చెప్పి, డాక్టర్‌తో మాట్లాడి మందు మొదలుపెట్టించింది. ‘ధైర్యంగా ఉండు’ అని పదిమంది చెప్పినదాని కంటే ఆ గోలీ ఎక్కువ పని చేసింది.

ఆయన దిగులు ఏంటో నాకు తెలుసు. ఓటీలో గుండీలు పెట్టే ప్రాక్టీసుకు ఏ షర్టు కావాలంటే, అమ్మ తెచ్చిన సంచీలోంచి ఖాకీ షర్టు లాగాడు. అమ్మ దాన్ని ఎందుకు తెచ్చిందో అడిగితే ‘గదే మెత్తగుంటది’ అంది. ఎడమ చేత్తో ఐదు గుండీలు, ఇరవై రెండు నిమిషాలు. పెట్టుకొని నా వైపు చూసి ‘డ్యూటీ’ అన్నాడు. ఆ మాట వరసలో రాలేదు.

టీం మీటింగ్‌లో నేను అదే అడిగాను. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కర్ర పట్టుకొని ఇంట్లో నడుస్తాడు, సొంతంగా తింటాడు, బాత్రూంకు మనిషి తోడుగా పోతాడు. కదిలే బస్సులో నిలబడటం, కుడి చేత్తో మిషన్ కొట్టడం కష్టం. తర్వాత నేనే వెతుక్కున్నాను. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో సెక్షన్ 20 ఉంది. ప్రభుత్వ సంస్థల్లో సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగంలోంచి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. కుటుంబాల్లో చాలామంది ఇది తెలియక మొదటి నెలలోనే రిటైర్మెంట్ కాగితాల మీద సంతకం పెడతారు. తొందరపడకండి.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. నా కంపెనీ పాలసీలో అమ్మానాయిన ఉన్నారు కదా అని ధీమాగా ఉన్నాను. మొదటి ఆస్పత్రి బిల్లు వచ్చింది. రిహాబ్ బిల్లు తిరస్కరించారు. మన హెల్త్ పాలసీల్లో ప్రామాణిక మినహాయింపులు ఉంటాయి. అందులో ‘ఎక్స్‌క్లూజన్ 05’ అంటే విశ్రాంతి, రిహాబిలిటేషన్ సంరక్షణకు కవర్ లేదని. నేను ఇన్నేళ్లూ ప్రీమియం కోత చూసుకున్నానే గానీ పాలసీ కాగితం తెరవలేదు. గ్రూప్ పాలసీల్లో కంపెనీని బట్టి తేడా ఉండొచ్చు, కాబట్టి చేర్పించకముందే హెచ్‌ఆర్‌ను అడగండి. నేను బైక్ లోన్ పక్కన ఇంకో లోన్ పెట్టుకున్నాను. అక్క గాజులు ఇస్తానంది, తీసుకోలేదు. ఇంకో వారం పొడిగించి ఉంటే తీసుకునేవాణ్నేమో.

ఐదో వారంలో డిశ్చార్జ్ తేదీ చెప్పినప్పుడు నేను గొడవ పడ్డాను. ‘ఇంకా కుడి చెయ్యి లేవట్లేదు, ఎట్లా పంపిస్తారు?’ అని. ఇక్కడి నుంచి పంపేది నయమైపోయిందని కాదు, మిగతాది ఇంట్లో చేయగలిగే స్థితికి వచ్చారని, అది ఆయనకు కాదు మాకు పెట్టే పరీక్ష అని డాక్టర్ అన్నాడు. నిజంగానే పరీక్ష పెట్టారు. చివరి రెండు రోజులు సిస్టర్లు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డారు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కమోడ్ మీదికి, అన్నీ అమ్మ, నేను చేసి చూపించాలి. బార్తెల్ అప్పటికి 65. అమ్మకు ఎన్ని మార్కులో ఎవరూ వేయలేదు.

గద్వాల ఇంటి వీడియో ముందే తీయించి పంపాను. ఓటీ మేడమ్ కొలతలడిగింది. బాత్రూం తలుపు వెడల్పు, మంచం ఎత్తు. కమోడ్ పెట్టించాం, గోడకు పట్టుకునే కడ్డీలు వేయించాం, కాళ్లు ఆనేంత ఎత్తుగా మంచం కింద దిమ్మెలు పెట్టాం. గొడవ గడప దగ్గర వచ్చింది. మాది పాత ఇల్లు, గడప జానెడు ఎత్తు. తీసేయమంటే అమ్మ ఒప్పుకోలేదు. ‘పసుపు రాసే గడప, ఎట్ల తీస్తవ్‌రా?’ మేస్త్రీ రెండు సార్లు వచ్చి తిరిగిపోయాడు. చివరికి వడ్ల ఆయన రెండు వైపులా ఏటవాలు చెక్కలు చేసిచ్చాడు. గడప గడపలాగే ఉంది. శుక్రవారం అమ్మ చెక్కలు పక్కకు జరిపి పసుపు రాసి, మళ్లీ పెడుతుంది.

ఇప్పటికి ఏడు నెలలు. నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను, నెలకు నాలుగు రోజులు హైదరాబాద్. ఫిజియో ఇంటికొస్తాడు. మాకు దగ్గర్లో స్పీచ్ థెరపిస్ట్ దొరకలేదు, వారానికి రెండుసార్లు ఫోన్లో వీడియో క్లాస్. సిగ్నల్ పోయినప్పుడల్లా నాయిన ఆ పాత రెండో మాటే అంటాడు. ఇప్పుడది సరైన చోటే వస్తోంది. వేరే పని కోసం పెట్టిన దరఖాస్తు నడుస్తోంది.

పోయిన నెల అక్క కొడుకు పుట్టెంట్రుకలకు నాగర్‌కర్నూల్ పోయాం. కారు మాట్లాడతానంటే నాయిన తల అడ్డంగా ఊపాడు. బస్సే. ముందు సీటులో కూర్చోబెట్టాం, కర్ర కాళ్ల మధ్యలో పెట్టుకున్నాడు. కొత్త కండక్టర్, చిన్న పిల్లవాడు, నాయినను గుర్తుపట్టలేదు. మిషన్ చేతిలో పట్టుకొని వచ్చి ‘ఏడికి పెద్దనాయినా?’ అన్నాడు.

నాయిన లోపల్లోపల మొదలుపెట్టాడు. జమ్ములమ్మ గుడి, గద్వాల, ఎర్రవల్లి. పెదాలు కదులుతున్నాయి. వెనక సీటులో ఒకామె ‘మొక్కు చదువుకుంటున్నడేమో’ అంది పక్కామెతో. పెబ్బేరు దగ్గర తప్పిపోయాడు. మళ్లీ మొదటి నుంచి. బస్సు నిండా జనం, వెనక ఇంకా టికెట్లు కొట్టాలి. ఆ పిల్లవాడు నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను కిటికీలోంచి బయటకు చూశాను. అమ్మ నోరు తెరవబోతే మోకాలి మీద చెయ్యి వేశాను.

‘నాగర్‌కర్నూల్’ అన్నాడు నాయిన. ‘మూడు.’

మిషన్ కిర్రుమంది. పిల్లవాడు టికెట్లు నాకివ్వబోతే నాయిన ఎడమ చెయ్యి చాచి తీసుకున్నాడు. కళ్ల దగ్గర పెట్టుకొని తేదీ, స్టేజీ, చార్జీ, అన్నీ చూశాడు. చూసి షర్టు జేబులో పెట్టుకున్నాడు.